ఉరుకుందమ్మ యాడికి పోయింది

సుజన తొలికాన్పుకని పుట్టింటికి వచ్చేసరికి, పురుడయ్యాక ఆమెను ఎక్కడ పడుకోబెట్టాలన్నదే ఇంట్లో పెద్ద మాటయి కూర్చుంది. కోసిగికి పడమటగా ఉన్న ఆ ఊళ్ళో వాళ్ళది మట్టిమిద్దె. ముందు పడసాల, వెనక వంటిల్లు, నడుమ ఒక లోగది. బాలింతకు గాలి తగలని చోటు ఆ లోగది ఒక్కటే. అందులో మనిషి పడుకుని చాలా ఏళ్ళయింది. వేరుశనగ మూటలు, విరిగిన గుంటక, పెళ్ళిళ్ళకు తప్ప బయటికి తీయని పెద్ద గుండిగలు ఉండేవి. ఏదైనా తెచ్చుకోవడానికి లోపలికి పోయినా ఎవరూ తలుపు వేసుకునేవాళ్ళు కాదు.

సుజన తల్లి సోమక్కకు ఆ గది భయం చిన్ననాడే పట్టుకుంది. ఆమె అక్క ఉరుకుందమ్మ తొలికాన్పయ్యాక ఆ గదిలోనే పోయింది. అప్పటికి సోమక్క ఇంకా లంగా జాకెట్టు వేసుకునే పిల్ల. అక్క తలనొప్పి తలనొప్పి అని కొన్నాళ్ళు అరిచింది. తరువాత ఒక మధ్యాహ్నం ఆమె మూతి ఒక పక్కకు లాగేసింది, కళ్ళు తేలేసింది, నోట్లోంచి వచ్చిన మాట ఆమె మాట కాకుండా పోయింది. ఇంట్లో పెద్దవాళ్ళు దాన్ని చూసి, పిల్లలో ఏదో దూరిందన్నారు. పక్క ఊరి నుంచి బొజ్జన్న అనే మంత్రగాణ్ణి పిలిపించారు. అతను వేపమండలతో కొట్టాడు, మిరపకాయల పొగ పెట్టాడు. ఎవరినీ లోపలికి రానివ్వద్దని చెప్పి సోమక్కను వాకిట్లో నిలబెట్టారు. తలుపు సందులోంచి ఆమెకు అక్క ముఖం సగమే కనిపించేది. కనిపించిన సగం ఏడుస్తుండేది, రెండో సగం ఎట్లా ఉందో తెలిసేది కాదు. ఉరుకుందమ్మ పోయింది. పుట్టిన పిల్లవాడూ ఆమె వెంబడే పోయాడు.

బాలింతగా పోయినదానికి దారి దొరకదని ఊళ్ళో అందరూ అనేదే. ఆమె తిరుగుతూనే ఉందని ఇంట్లో నమ్మకం కుదిరింది. ఎండ మండే మధ్యాహ్నం పూట లోగదిలో గాజుల చప్పుడు విన్నానని తల్లి ఈరమ్మ చెప్పేది. దూడ చచ్చినా, బావి ఎండినా, కొత్తకోడళ్ళకు కడుపు నిలవకపోయినా ఉరుకుందమ్మ పేరే వచ్చేది. ఏటా ఒక అమావాస్యకు ఈరమ్మ చీర, గాజులు, ఒక ముద్ద అన్నం ఊరి బయట వంక ఒడ్డున పెట్టి వచ్చేది. పెట్టేటప్పుడు బతికున్న బిడ్డతో మాట్లాడినట్టే మాట్లాడేది. ఈ ఏడు వాన రాలేదని, మీ మామకు కాలు నొప్పి తగ్గిందని, అన్నీ చెప్పేది.

సోమక్కను ఆ ఇంట్లోనే ఉండే మేనమామ తిమ్మన్నకే ఇచ్చారు. అందుకే ఆమె పెళ్ళయినా ఆ ఇల్లు దాటిపోలేదు. ఈరమ్మ తమ్ముడే కాబట్టి తిమ్మన్నకూ ఆ గది సంగతి తెలుసు. ఉరుకుందమ్మ పాడె మోసిన నలుగురిలో అతనొకడు.

ఇప్పుడు ఆ గదిలో కూతుర్ని పడుకోబెట్టాలంటే సోమక్కకు కాళ్ళు రాలేదు. ఈరమ్మే ధైర్యం చెప్పింది. గదికి సున్నం కొట్టించి, సాంబ్రాణి వేయించి, వేళ కాకపోయినా ఒక చీర తీసుకుని వంక దగ్గరికి పోయి వచ్చింది. నీ చెల్లెలి బిడ్డమ్మా, దాని జోలికి రావద్దు అని చెప్పి వచ్చానని అంది. ఆ మాట అంటున్నప్పుడు ముసలామె ముఖంలో ఎవరినో చూసి వచ్చిన తృప్తి ఉంది.

ఆదోని ఆసుపత్రిలో సుజనకు ఆడపిల్ల పుట్టింది. కాన్పు సులువుగానే అయింది. ఇంటికి పంపేటప్పుడు నర్సు, ఎండలు ముదిరినాయి, నీళ్ళు బాగా తాగాలని చెప్పింది. సోమక్క తల ఊపింది గానీ ఆ మాట పట్టణం వాళ్ళకు చెప్పేది అనుకుంది. ఇంటికి వచ్చాక పద్ధతి పద్ధతే. మిద్దె పైన వెలుతురు కోసం ఉంచిన గవాక్షిని బండతో మూశారు. మంచం కింద కుంపటి పెట్టారు. చెవుల్లో దూది, తలకు గుడ్డ. పాత బియ్యం అన్నంలో వెల్లుల్లి కారం, పొద్దునొక ముద్ద, సాయంత్రమొక ముద్ద. కాచిన నీళ్ళు చిన్న గ్లాసుతో, అదీ అన్నం తిన్నాక గొంతు తడుపుకోవడానికి మాత్రం. పచ్చి ఒంట్లో నీళ్ళు పడితే కడుపు జారుతుందని, పాలు తాగే బిడ్డకు జలుబు చేసి రొమ్ము పడుతుందని, బాలింత వాయువు కమ్ముతుందని ఈరమ్మకు ఆమె తల్లి చెప్పింది. ఈరమ్మ సోమక్కకు చెప్పింది.

సోమక్క తన కాన్పులో ఆ పథ్యం తప్పింది. ఎవరికీ చెప్పలేదు. దాహం పట్టలేక, బిడ్డ స్నానానికి కాగబెట్టి చల్లార్చిన నీళ్ళు చెంబుతో ముంచుకుని దొంగతనంగా తాగేసేది. ఆ తరువాత ఆమెకు ఇద్దరు పిల్లలు కడుపులోనే పోయారు. నీళ్ళ దొంగతనానికి ఫలితం అదేనని ఆమె మనసులో గట్టిగా నాటుకుంది. తన కూతురి విషయంలో అట్లా కానివ్వకూడదని, గదిలోకి చెంబు కూడా రానివ్వలేదు.

వైశాఖం ఎండ. బయట పడసాలలోనే ఊపిరి ఆడేది కాదు. లోపల సుజన కట్టుకున్న చీర ఆరేది కాదు. మా, ఒగ గుక్క ఇయ్యిమా అని అడిగేది. రెండు రోజులు ఓర్చుకోమని సోమక్క బతిమాలేది. పెదవులు పగిలితే వెన్న రాసింది. తరువాత సుజన నీళ్ళు అడగడం మానేసింది. అలవాటు పడిందిలే అనుకున్నారు.

తలనొప్పి మొదలైంది. మొదట మెడ వెనక, ఆ తరువాత తల మొత్తం. తల గుడ్డ జారి గాలి దూరిందని ఈరమ్మ ఇంకొక గుడ్డ చుట్టింది. శొంఠి గంధం పట్టు వేశారు. సుజన గోడకు తల ఆనించి కూర్చునేది. పడుకుంటే నొప్పి ఇంకా ఎక్కువవుతోందని చెప్పింది. ఒకసారి బిడ్డను చేతికిస్తే, ఇద్దరు కనపడతాండారని అంది. సోమక్క ఆ మాటకు ఉలిక్కిపడి బిడ్డను తీసేసుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అక్క కూడా అట్లాగే ఏదో అన్నట్టు ఆమెకు లీలగా జ్ఞాపకం వచ్చింది. నిజంగా అన్నదో, ఇప్పుడు తను కల్పించుకుంటోందో తెలియలేదు.

ఒక మధ్యాహ్నం సోమక్క వంటింట్లో ఉండగా లోగదిలో గాజులు గలగలమన్నాయి. ఆగకుండా, ఒకే లెక్కన, ఎవరో చెయ్యి పట్టి ఊపుతున్నట్టు. ఆమె గడప దగ్గర ఆగిపోయింది. లోపల సుజన కుడిచెయ్యి మంచం పట్టెకు కొట్టుకుంటోంది. కాళ్ళు బిగుసుకుపోయాయి. నోటి కొసన నురుగు. కాసేపటికి ఆ కొట్టుకోవడం ఆగింది. సుజన కళ్ళు తెరిచి తల్లి వైపు చూసింది. మూతి ఎడమకు లాగి ఉంది.

ఆ ముఖాన్ని సోమక్క ఇదివరకు చూసింది. సగం మాత్రమే చూసింది. మిగతా సగం ఎట్లా ఉంటుందో ఇప్పుడు కనిపించింది.

ఈరమ్మ వచ్చి చూసి వాకిట్లోనే కూలబడింది. వచ్చెరా, దానికి చీర సాలలేదురా తిమ్మన్నా అంటూ తమ్ముణ్ణి పిలిచింది. తిమ్మన్న బండి తీసుకుని పోయి బొజ్జన్నను తెచ్చాడు. ఇప్పుడు బొజ్జన్న ముసలివాడు. చూపు సరిగా ఆనదు. ఇంటిని గుర్తుపట్టగానే అతని అడుగు మందగించింది. అయినా లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఈసారి కొట్టలేదు. వేపమండ ఒళ్ళో పెట్టుకుని మెల్లగా అడిగాడు.

"ఎవురు నువ్వు? నీ పేరు జెప్పు."

సుజన పెదవులు కదిలాయి. ఏదో చెప్పాలని చాలా కష్టపడింది. మెడ నరాలు పొంగాయి.

"ఉ..." అంది. "ఉ... ఉ..."

ఈరమ్మ చేతులు జోడించింది. "ఉరుకుందూ, వచ్చినావామ్మా" అని మెల్లగా అంది. పడసాలలో గుమికూడిన వాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. తిమ్మన్న గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. సోమక్క మంచం కాళ్ళ దగ్గర నేలమీద తల పెట్టి, అక్కా నన్ను బట్టుకో, దాన్ని ఇడ్సు అని వేడుకుంది. అన్ని ఏళ్ళలో ఆమె అక్కతో నేరుగా మాట్లాడడం అదే మొదలు. తల మీద ఎవరో చెయ్యి పెట్టినట్టు అనిపించింది. ఎత్తి చూస్తే సుజన ఎడమ చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె జుట్టు పట్టుకుంది. కుడిచెయ్యి మాత్రం ఎవరిదో తెచ్చి అక్కడ పెట్టినట్టు పడి ఉంది.

ఆ సమయానికి నన్నీ బీ వచ్చింది. ఆమె వీధి చివర ఇంట్లో ఉంటుంది, ఊరూరా తిరిగి గాజులు అమ్ముతుంది. సుజన సీమంతానికి గాజులు తొడిగిందీ ఆమే. జనాన్ని తోసుకుని వచ్చి గడప దగ్గర నిలబడింది. సుజన ముఖం చూసింది, చెయ్యి చూసింది. ఆమె ముఖం తెల్లబోయింది.

తరువాత సోమక్క భుజం పట్టి లేపి పడసాలలోకి తీసుకుపోయింది.

"సోమక్కా, మా బిడ్డ ముంతాజ్‌కు ఏమైందో నీకు జెప్పలేదు నేను. కోడుమూరులో రెండో కాన్పప్పుడు ఇట్లనే అయ్యె. ఇదే మూతి, ఇదే చెయ్యి. జిన్ను పట్టిందని వాళ్ళత్త దర్గాకు పిల్చకపోయి తాయెత్తు గట్టిచ్చె. రెండు దినాలు ఆడనే ఉండిరి."

"మా అక్క..." అంది సోమక్క.

"మీ అక్క మీకుండాది. మాకెవురుండారు? మా ఇంట్లో బాలింతగా పోయినోళ్ళు ఎవురూ లేరే. మీరు దయ్యమంటిరి, మేము జిన్నంటిమి. మూతి మటుకు ఒగే తీరు పాయ. కర్నూలులో డాక్టర్లు మా పిల్ల తలకాయకు స్కానింగ్ తీసి, లోపల నెత్తురు గడ్డగట్టింది అనిరి. ఆడికి పో. ఇంగ ఆలస్యం చేయొద్దు."

సోమక్క లోగది వైపు చూసింది. ఈరమ్మ ఇంకా చేతులు జోడించుకునే ఉంది. ఆమె ముఖంలో భయం కంటే వేరేది ఏదో ఉంది, చానాళ్ళకు ఇంటికి వచ్చిన కూతుర్ని చూస్తున్నట్టు. అమ్మ ఈ పిల్లను పంపించదు అనిపించింది. ఈ పిల్లలో ఉన్నదాన్ని పంపించదు.

తిమ్మన్న ఊగిసలాడాడు. దారిలో ఏమన్నా అయితే పాపం మనదే అన్నాడు. ఇక్కడ అయితే ఎవరిది అని సోమక్క అడిగింది. అతను బొజ్జన్న వైపు తిరిగాడు. బొజ్జన్న వేపమండను కింద పెట్టి, పోండప్పా, నాకీ పని చేతకాదు అని మాత్రం అన్నాడు.

నన్నీ బీ కొడుకు రబ్బానీకి ఆటో ఉంది. సుజనను వెనక సీట్లో అడ్డంగా పడుకోబెట్టి, తల తన ఒళ్ళో పెట్టుకుని సోమక్క కూర్చుంది. పసిబిడ్డను నన్నీ బీ తన ఇంటికి తీసుకుపోయింది. ఆదోని దారి పొడవునా ఎండమావులు కదులుతున్నాయి. సోమక్క తడిగుడ్డ పిండి కూతురి పెదవులకు అద్దుతూనే ఉంది. అదైనా చేయవచ్చో చేయకూడదో ఆమెకు తెలియదు. ఆటో వెనక ఎవరో కూర్చుని వస్తున్నట్టు ఆమెకు గట్టిగా అనిపించింది. పసుపు వాసన, సాంబ్రాణి వాసన వచ్చాయి. అవి సుజన ఒంటి వాసనలేనని తెలిసినా, ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ఆదోనిలో చూసి కర్నూలుకు పంపించారు. అంబులెన్స్ తలుపు మూసేటప్పుడు సోమక్క ఒక్క క్షణం ఆగి, ఎవరికో చోటిచ్చినట్టు పక్కకు జరిగింది. ఆ తరువాత తను చేసిందేమిటో తెలిసి తలుపు లాగి మూసింది.

కర్నూలు పెద్దాసుపత్రిలో ఆ వార్డును చూసి సోమక్క బిత్తరపోయింది. పక్షవాతం ముసలివాళ్ళకు వచ్చేదని ఆమెకు తెలుసు. ఇక్కడ మంచాల మీద ఉన్నవాళ్ళలో వయసులో ఉన్నవాళ్ళే చాలామంది. నూనూగు మీసాల కుర్రాడొకడు ఎడమ చేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటున్నాడు. కిటికీ పక్కన ఒక బాలింత, ఆమె రొమ్ముపాలను తల్లి పిండి పారబోస్తోంది. అందరి మూతులూ ఏదో ఒక పక్కకు లాగి ఉన్నాయి. ఇంతమందిని పట్టాలంటే అక్క ఒక్కతే ఎట్లా తిరగగలదు అన్న ఆలోచన సోమక్కకు వచ్చింది. ఆ ఆలోచనకు ఆమె తనలో తానే జడుసుకుంది.

స్కానింగ్ అయ్యాక డాక్టర్ జ్ఞానమణి వచ్చి పక్కన కూర్చుంది. కమలాపురం దగ్గరి ఊరు ఆమెది, మాటలో ఆ యాస పోలేదు. తలలో నుంచి చెడురక్తం గుండెకు తిరిగిపోయే పెద్ద నరంలో గడ్డ కట్టిందని, రక్తం వెనక్కి పోలేక లోపల ఒత్తిడి పెరిగి మెదడు దెబ్బతిన్నదని చెప్పింది. గడ్డ పెరగకుండా ఇంజెక్షన్లు మొదలుపెట్టామని, ఇప్పుడే ఏమీ చెప్పలేనని అంది. తరువాత ఇంటి సంగతులు అడిగింది. ఏ ఊరు, ఎవరిళ్ళు, బాలింతకు ఏం తినిపించారు, రోజుకు ఎన్ని నీళ్ళు ఇచ్చారు.

సోమక్క చెయ్యి చాచి ఆ గ్లాసు ఎంతుంటుందో వేళ్ళతో చూపించింది.

డాక్టర్ ఆ వేళ్ళ వైపు కాసేపు చూసింది. కోప్పడలేదు. మా అవ్వ కూడా మా అమ్మకు అంతే ఇచ్చిందంట అని మాత్రం అంది.

"మేడం, ఇది మా సీమోళ్ళకే వస్తాదా?" అని సోమక్క అడిగింది. "మా ఊర్ల నీళ్ళల్ల, మన్నుల ఏమన్నా ఉండాదా?"

"యాడైనా వస్తాదమ్మా. వయసులో ఉన్నోళ్ళకు ఎందుకొస్తాదనేదే ఒక్కో సీమలో ఒక్కో తీరు. వేరే దేశాల్లో ఒక కారణం ఎక్కువ, మన దగ్గర ఇంకోటి ఎక్కువ. ఈ వార్డుకు వచ్చే వయసు ఆడోళ్ళల్లో బాలింతలను నేను శానామందిని చూస్తాండా. హిందువులు, తురకలు, మా క్రైస్తవులు, అందరూ వస్తారు. పేర్లు మారుతాయి, ఇంట్లో గది మటుకు ఒకటే."

"నేను నీళ్ళు ఇచ్చింటే రాకుండునా?"

కాన్పప్పుడు రక్తం దానంతట అదే చిక్కబడుతుందని, కొందరికి పుట్టుకతోనే గడ్డకట్టే గుణం ఉంటుందని, నీళ్ళు లేకపోవడం దానికి తోడవుతుందని జ్ఞానమణి నెమ్మదిగా వివరించింది. నీళ్ళు తాగి కూడా పడినవాళ్ళున్నారు, తాగకుండా బాగున్నవాళ్ళూ ఉన్నారు. ఏది ఎంతని విడదీసి చెప్పడం నాకు చేతకాదమ్మా అంది. అయితే ఇకమీదట ఎవరింట్లోనూ బాలింతకు నీళ్ళు ఆపవద్దని, ఆ మాట నువ్వు చెబితే మీ ఊళ్ళో వింటారని అంది.

అవునని చెప్పి ఉంటే బాగుండేదని సోమక్కకు అనిపించింది. కాదని చెప్పినా బాగుండేది. ఆ రెంటికీ నడుమ ఆమెను వదిలేసి డాక్టర్ పక్క మంచం దగ్గరికి పోయింది. వరండాలో కొళాయి ఉంది. సోమక్క అక్కడికి పోయి దోసిలి పట్టింది. నీళ్ళు నిండి వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నా నోటి దాకా తీసుకుపోలేకపోయింది. తన కాన్పులో ముంచుకుని తాగిన చెంబెడు నీళ్ళు గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళు శాపమనుకున్నదే తనను కాపాడిందేమో. ఆ నీళ్ళు దొరకక అక్క పోయిందేమో. తలుపు సందులోంచి అక్క అడిగింది. నీళ్ళు తెమ్మని తననే అడిగింది. వాకిట్లో నిలబడిన పిల్ల పెద్దవాళ్ళు చెప్పినట్టు కదలకుండా నిలబడింది.

సుజన బతికింది. బెంగళూరులో కట్టడం పనికి పోయిన అల్లుడు వీరభద్ర ఆ వారమే వచ్చి మంచం పక్కన ఉండిపోయాడు. మూతి కొంచెం కొంచెంగా సర్దుకుంది. పట్టుకుంటే నడిచేంతగా కాలు వచ్చింది. కుడిచేతి వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి. మాట మాత్రం దారి తప్పింది. గ్లాసును తలుపు అనేది, మొగుణ్ణి మామా అనబోయి మబ్బు అనేది. తప్పని ఆమెకు తెలిసి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. పిల్లను చూపించి ఇదేమిటంటే చాలాసేపు వెతుక్కుని, నాది అంది. ఆ ఒక్క మాటా సరిగ్గా వచ్చినందుకు వీరభద్ర వార్డు బయటికి పోయి ఏడ్చాడు. అతని తరఫు వాళ్ళు చెయ్యి రాని పెళ్ళాన్ని తీసుకుపోయి ఏం చేసుకుంటావని గొణిగారు. అతను బెంగళూరు పని మానుకుని ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లుకు పోవడం మొదలుపెట్టి, అత్తగారింట్లోనే ఉండిపోయాడు.

ఆ మధ్యాహ్నం బొజ్జన్న అడిగినప్పుడు ఏం చెప్పబోయావని సోమక్క ఒకసారి కూతుర్ని అడిగింది. సుజనకు ఆ రోజు ఏదీ గుర్తు లేదు. ఉక్కపోస్తోందని చెప్పబోయి ఉంటుందని సోమక్క అనుకుంది. అంతే అయి ఉంటుంది. ఎవరూ లేనప్పుడు మాత్రం ఆమెకు ఆ గొంతు మళ్ళీ వినిపించేది. ఎన్నిసార్లు ఉక్క అనుకున్నా, చెవికి ఆ పేరుగానే తగిలేది.

వర్షాలు మొదలయ్యాయి. అమావాస్య దగ్గరపడింది. ఈరమ్మ పెట్టెలోంచి కొత్త చీర తీసింది. ఈసారి రెండు చీరలు, రెండు డజన్ల గాజులు పెట్టాలని నన్నీ బీకి కబురు చేసింది. నా బిడ్డ నా మాట విని దాన్ని వదిలిపెట్టిందని, డాక్టర్ల వల్ల కాలేదని ఊళ్ళో చెప్పుకుంటూ వచ్చింది. చెబుతున్నప్పుడు ఆమెకు వయసు తగ్గినట్టుండేది.

సోమక్క చాలా రోజులు ఊరుకుంది. వీధిలో ఇంకొకరింట్లో పిల్ల కాన్పుకు వచ్చిందని తెలిసి, వాళ్ళింటికి పోయి నీళ్ళ సంగతి చెప్పింది. ఆ ఇంటి ముసలామె, మీ ఇంట్లో దయ్యముంటే మా పద్ధతి ఎందుకు మార్చుకోవల్లమ్మా అంది. ఆ మాట పట్టుకుని సోమక్క ఇంటికి వచ్చింది. ఈరమ్మ పడసాలలో కూర్చుని చీర మడతలు సర్దుతోంది. సోమక్క ఎదురుగా కూర్చుంది. డాక్టర్ చెప్పిందంతా చెప్పింది. నరం, గడ్డ, మూతి వంకర, ఫిట్స్. అక్కకు వచ్చిందీ అదేనని చెప్పింది. నీళ్ళ మాట ఒక్కటి చెప్పకుండా మింగేసింది.

ఈరమ్మ వింటూ మడత వేస్తూనే ఉంది. కథ అయిపోయాక చేతులు ఆగాయి.

"అది దయ్యం కాలేదా?"

"కాలేదుమా. రోగమే."

"ఎప్పుడూ కాలేదా?"

"ఎప్పుడూ."

బయట వాన తగ్గి, చూరు నుంచి చినుకులు పడుతున్నాయి. ముసలామె లోగది వాకిలి వైపు చూసింది. తరువాత వంక ఉన్న దిక్కుకు చూసింది.

"అట్లయితే యాడికి పోయింది?" అంది. "ఇన్నేండ్లు ఈడనే తిరుగుతాందనుకుంటిని. మాట్లాడితి. గాజులింటి. నాకు కోపమే రాలేదు దాని మీద, ఎవుర్ని పట్టినా. ఉండాదిలే, ఇంటి చుట్టే ఉండాదిలే అనుకుంటిని. ఈడ లేకుంటే యాడుండాది సోమీ?"

దయ్యం పోతే అమ్మకు భారం దిగుతుందని సోమక్క అనుకుంది. అక్కకు పడిన నింద తీరుతుందనుకుంది. అమ్మ దగ్గర ఇన్నేళ్ళు అక్కగా మిగిలినది ఆ నింద ఒక్కటేనని ఆమెకు తట్టలేదు.

ఈరమ్మ చీరను మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. తరువాత, తనకు తానే చెప్పుకున్నట్టు, "నీళ్ళడిగె గదా అది" అంది. సోమక్క తల ఎత్తలేదు. అవునని గానీ కాదని గానీ అనలేదు. ఆ ఊరుకోవడంలోనే ముసలామెకు అంతా తెలిసిపోయింది.

ఒళ్ళోని చీర జారి నేలమీద పడింది. ఈరమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుని రాగం అందుకుంది. పీనుగ ఇంకా ఇంట్లో ఉన్నప్పుడు తల్లులు ఏడ్చే ఏడుపు అది. ఉరుకుందమ్మ చిన్నతనం, ఆమె జడ, ఆమె నడక, ఆమె పెళ్ళిలో పెట్టిన కమ్మలు, ఒక్కొక్కటే పేరుపెట్టి పిలిచి ఏడ్చింది. అక్క పోయిన రోజున అమ్మ ఇట్లా ఏడవలేదని సోమక్కకు అప్పుడు గుర్తొచ్చింది. ఏడిస్తే దయ్యానికి బలం వస్తుందని ఆనాడు ఎవరూ ఏడవనివ్వలేదు.

ఆ గొంతు విని వీధి వీధంతా కదిలింది. నన్నీ బీ గాజుల బుట్ట కింద దించి పరుగున వచ్చింది. సుజనకే ఏదో అయిందని అందరూ అనుకున్నారు. సుజన కాలు ఈడ్చుకుంటూ లోపలి నుంచి రావడం చూసి, అయితే ఇంకెవరని ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"ఎవురు పోయిరి సోమక్కా?" అని నన్నీ బీ మెల్లగా అడిగింది.

"మా అక్క" అంది సోమక్క.

ఆడవాళ్ళు చెప్పులు విడిచి వచ్చి, చావింట్లో కూర్చున్నట్టే ఈరమ్మ చుట్టూ నేలమీద కూర్చున్నారు. సుజన అవ్వ పక్కన చోటు చేసుకుని, ముడుచుకున్న కుడిచేతిని ఆమె వీపు మీద ఆనించింది. పొద్దు వాలేదాకా అట్లాగే ఉన్నారు.

ఆ ఏడు ఈరమ్మ వంక దగ్గరికి పోలేదు. గవాక్షి మీద బండ తీసేశారు, లోగదిలోకి వెలుతురు పడుతోంది, సుజన బిడ్డ అక్కడే నేలమీద పాకుతోంది. గాజుల చప్పుడు విన్నామని ఇంట్లో ఇప్పుడెవరూ చెప్పరు. మధ్యాహ్నం పూట అందరూ నడుం వాల్చినప్పుడు ముసలామె మాత్రం ఆ గది గడప దగ్గరికి జరిగి, గోడకు చెవి ఆనించి కూర్చుంటుంది. సోమక్క చూసినా చూడనట్టు పక్కకు తిరుగుతుంది.